కట్టమంచి రామలింగారెడ్డి

హైదరాబాదు నగరమునుండి ఉత్తరముగా రెండు పెద్ద దారులు పోవుచున్నవి. ఒకటి మేడ్చల్ మీదుగా నాగపురమునకు పోవును. రెండవది షామీర్‌పేట మీదుగా కరీంనగరమునకు పోవును. షామీర్‌పేటలో విశాలమైన చెరువొకటి కలదు. మేడ్చల్ పరిసరములలో ఒకప్పుడు ద్రాక్షతోటలు విరివిగా నుండెడివి. వానిలో పెక్కు నేడు ఇండ్ల స్థలములుగా మారినవి.

చెరువు నిండి పంటలు బాగుగా పండిన యేట వడ్ల ధర యేల తగ్గును? తోటగా నున్ననాడు లేని వెల ఆ నేలకు ఇంటిస్థలమైన నాడేల వచ్చును? నేల మారలేదు; మన్ను మారలేదు; వెల మాత్రము మారినది. ఇట్టి ప్రశ్నలకు సమాధానమును వెదకు శాస్త్రమునకు అర్థశాస్త్రమని పేరు.

ఈ శాస్త్రమునకు కావలసిన విషయమంతయు మన కన్నుల యెదుటనే యున్నది. కాని దానిని గుర్తించుటకు కన్నులు మాత్రమే చాలవు; తగిన మాటలు కూడ కావలెను. సుమారు నూరేండ్లకు పూర్వము అట్టి మాటలు తెలుగున అరుదు. ఆంగ్లము నేర్చిన కొలదిమంది ఆంగ్ల గ్రంథములలో ఈ శాస్త్రమును చదివి, పరీక్షలలో ఒప్పగించి, మరచిపోవుచుండిరి. ఆ కాలమున ఇంగ్లండులో చదువుకొని వచ్చి, ఈ శాస్త్రమును తెలుగువారికి తెలుగుననే బోధింపబూనిన మేధావి కట్టమంచి రామలింగారెడ్డి.

రామలింగారెడ్డిగారు 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన చిత్తూరునకు చేరువనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. వారిది రైతు కుటుంబము. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు. బాలుడు చిత్తూరులో ప్రాథమిక విద్యను, ఉన్నత పాఠశాల విద్యను ముగించి, పైచదువులకై మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరెను. రాయలసీమ ప్రాంతమున చెరువు నిండుట, ఎండుట అను రెండింటిపైననే రైతు బ్రదుకు ఆధారపడి యుండునని ఆ పల్లె బాలునకు పుస్తకములు చెప్పనక్కరలేకపోయెను.

కళాశాలలో చదువుచున్న దినములలోనే ఆయన ముసలమ్మ మరణము అను కావ్యమును రచించిరి. అనంతపురమునకు సమీపముననున్న బుక్కరాయసముద్రపు చెరువునకు గండి పడనున్న సమయమున, ఊరివారి మేలు కొఱకు తన ప్రాణముల నర్పించిన ఒక ఇల్లాలి కథ అది. ఆ కథలోని బలి నేటి మన మనస్సులకు బాధ కలిగించును. ప్రాణము నిచ్చినచో చెరువుగట్టు నిలుచునని నేడెవ్వరును నమ్మరు. అయినను చెరువు తెగినచో ఊరేమగునో ఆ కథ మనకు తెలియజేయును. పొలములు కొట్టుకొనిపోవును, పశువులు నశించును, ఊరంతయు వలసబోవును. చెరువు ఒక్కరి సొత్తు కాదు, ఊరుమ్మడి సంపద. ఊరుమ్మడి సంపదను కాపాడుట ఎవరి బాధ్యత యను ప్రశ్నను అర్థశాస్త్రజ్ఞులు నేటికిని చర్చించుచునే యున్నారు. ఆ యువకుడు మొదట ఆ ప్రశ్నను కవిగా చూచెను. తరువాత శాస్త్రజ్ఞుడుగా చూడవలసినవాడయ్యెను.

1902వ సంవత్సరమున ప్రభుత్వము వారి విద్యార్థివేతనమును పొంది రెడ్డిగారు ఇంగ్లండునకు పోయి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన సెయింట్ జాన్స్ కళాశాలలో చేరి, చరిత్రమును ప్రధాన విషయముగా నభ్యసించిరి. ఆ కాలమున కేంబ్రిడ్జిలో అర్థశాస్త్రాచార్యులు ఆల్ఫ్రెడ్ మార్షల్. 1890లో ప్రకటితమైన ఆయన గ్రంథమును ఆంగ్లము తెలిసిన దేశములన్నిటను విద్యార్థులు చదువుచుండిరి. అంతవరకు చరిత్రము, నీతిశాస్త్రములకు అనుబంధముగా నుండిన అర్థశాస్త్రమునకు ఆయన పట్టుదలవలన 1903లో కేంబ్రిడ్జిలో ప్రత్యేకమైన పరీక్ష ఏర్పడెను. రెడ్డిగారు చేరిన 1902వ సంవత్సరముననే జాన్ మేనార్డ్ కీన్స్ అను విద్యార్థియు కేంబ్రిడ్జిలో చేరెను. తరువాతి కాలమున ప్రపంచపు ఆర్థిక విధానములనే మార్చిన కీన్స్ ఆయనయే. కేంబ్రిడ్జి విద్యార్థుల చర్చాసంఘము మిక్కిలి పేరుగాంచినది. కీన్స్ 1905లో ఆ సంఘమునకు అధ్యక్షుడాయెను. రెడ్డిగారును తమ వాక్పటిమచే ఆ సంఘమునకు ఉపాధ్యక్ష పదవిని పొందిరి. పరాధీన దేశమునుండి వచ్చిన విద్యార్థికి పాలకుల గడ్డపై, పాలకుల భాషలో, అట్టి గౌరవము లభించుట ఆ దినములలో సామాన్యమైన విషయము కాదు.

స్వదేశమునకు మరలివచ్చిన పిమ్మట రెడ్డిగారు ప్రభుత్వోద్యోగములో పెద్ద పదవులను వెదకికొనక ఉపాధ్యాయవృత్తినే వరించిరి. మొదట బరోడా కళాశాలలో పనిచేసిరి. శ్రీ అరవిందులు కొంతకాలమునకు పూర్వము పనిచేసిన కళాశాల యదియే. తరువాత మైసూరు మహారాజా కళాశాలలో చేరి చరిత్రమును, అర్థశాస్త్రమును బోధించిరి.

ఈ రెండు శాస్త్రములను ఒకే ఆచార్యుడు బోధించుటలో గొప్ప మేలు కలదు. అర్థశాస్త్ర సిద్ధాంతములు ఆకాశమునుండి ఊడిపడినవి కావు. ఒక్కొక్క సిద్ధాంతము ఒక్కొక్క దేశమున, ఒక్కొక్క కాలమున, ఏదో యొక చిక్కుప్రశ్నకు సమాధానముగా పుట్టినది. స్కాట్లండునకు చెందిన ఆడం స్మిత్ 1776లో తన గ్రంథమును ప్రకటించునాటికి అచ్చట యంత్రయుగము ప్రారంభమగుచుండెను. గుండుసూదులు చేయు చిన్న పరిశ్రమలో పదిమంది మనుష్యులు పనిని భాగములుగా పంచుకొని దినమునకు 48,000 సూదులు చేయుటను అతడు వర్ణించెను. ఒక్కడే అన్ని పనులును చేసినచో దినమునకు ఇరువది సూదులైనను చేయలేడు. దీనినుండియే శ్రమవిభాగ సిద్ధాంతము వెలువడెను. జనసంఖ్య పెరిగి ఆహారము చాలదేమో యను భయమునుండి 1798లో మాల్థస్ వ్రాసిన గ్రంథము పుట్టెను. ఇంగ్లండులో ధాన్యపు ధరలు మిన్నుముట్టిన కాలమున భూమి కౌలును గూర్చి రికార్డో ఆలోచించి 1817లో తన గ్రంథమును వెలువరించెను. కౌలు ఎక్కువగుటవలన ధాన్యపు ధర పెరుగలేదనియు, ధాన్యపు ధర పెరుగుటవలననే కౌలు ఎక్కువైనదనియు అతడు నిరూపించెను. 1826లో జర్మనీ దేశమునకు చెందిన థ్యూనెన్ అను భూస్వామి, నగరమునకు దగ్గరగా నున్న కొలది భూమికి విలువ యేల హెచ్చునో లెక్కలు కట్టి చూపెను.

మేడ్చల్ ద్రాక్షతోట కథ ఇప్పుడు మనకు బోధపడును. నేలలోని సారము వెలను పెంచలేదు. నగరము దగ్గరకు వచ్చుట పెంచినది. జర్మనీ పల్లెను గూర్చి వ్రాసిన మాట మన యూరి పొలమునకును వర్తించుచున్నది. కాని ఈ సంగతిని ఒక ఉపాధ్యాయుడు చూపిననే తప్ప విద్యార్థికి తోచదు.

అన్ని సిద్ధాంతములును ఇట్లే అన్నిచోట్లను వర్తించునా యనునది మరొక ప్రశ్న. ఆంగ్లేయుల ఆర్థిక సూత్రములు భారతదేశమునకు యథాతథముగా సరిపడవని మహాదేవ గోవింద రానడే 1892లోనే పూనాలో ఉపన్యసించెను. భారతదేశపు ధనము ఏటేటా పరదేశమునకు తరలిపోవుచున్నదని దాదాభాయి నౌరోజీ 1901లో ఒక పెద్ద గ్రంథమున లెక్కలతో చూపెను. అర్థశాస్త్రము మనకు క్రొత్తది కాదనుటకు ఆ దినములలోనే మరొక నిదర్శనము లభించెను. పోయినదనుకొన్న కౌటిల్యుని అర్థశాస్త్రము యొక్క తాళపత్ర ప్రతి 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయమున శ్యామశాస్త్రిగారి కంటబడెను. 1909లో దానిని వారు ముద్రింపించిరి. రెడ్డిగారు ఉద్యోగమునకు వచ్చిన మైసూరులోనే ఈ మహత్కార్యము జరిగెను.

ఇట్టి వాతావరణమున రెడ్డిగారు అర్థశాస్త్రమును తెలుగున వ్రాయ సంకల్పించిరి. తెలుగున శాస్త్రగ్రంథములను వెలువరింపవలెనని కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మున్నగు పెద్దలు 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. తరువాత అది మద్రాసునకు మారెను. చరిత్రము, జీవశాస్త్రము, రసాయనశాస్త్రము మున్నగు విషయములలో ఆ మండలి ప్రకటించిన గ్రంథముల నడుమ రెడ్డిగారి అర్థశాస్త్రమునకు చోటు లభించెను. ఈ శాస్త్రమును తెలుగున సమగ్రముగా వివరింపబూనిన తొలి గ్రంథములలో అది యొకటి.

ఆ పని యెంత కష్టమైనదో ఊహింపుడు. ఆంగ్లమున ఒక్క మాటతో తేలిపోవు భావమునకు తెలుగున మాట లేదు. సంస్కృతమునుండి పెద్ద పదమును తెచ్చినచో పాఠకునకు అర్థము కాదు. సంతలోని మాటను వాడినచో పండితులు పరిహసింతురు. ఈ రెంటి నడుమ దారి తీయవలెను. అంతేకాదు, ఉదాహరణములను కూడ మార్చవలెను. లండను నగరపు బ్యాంకును ఎరుగని విద్యార్థికి ఊరి షావుకారి వడ్డీని చూపి చెప్పవలెను. ఇట్టి పనికి పూనుకొనువాడు శాస్త్రమును రెండు మారులు నేర్చుకొనవలసి యుండును. మొదట అది పుట్టిన భాషలో నేర్చుకొనును. తరువాత తనవారికి చెప్పుటకై తన భాషలో మరల నేర్చుకొనును.

నిజాము రాజ్యమున నున్న తెలుగువారికి ఇట్టి గ్రంథముల అవసరము మరింత యెక్కువగా నుండెను. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమును ఉర్దూలో బోధించుచుండిరి. దానికై ప్రత్యేకముగా అనువాద శాఖను నెలకొల్పిరి. దేశభాషలో ఉన్నత విద్యను బోధింపవచ్చునని ఆ విశ్వవిద్యాలయము నిరూపించెను. కాని మేడ్చల్, షామీర్‌పేట వంటి పల్లెలలోని తెలుగు బాలునకు ఆంగ్లమెంతటి పరభాషయో ఉర్దూయు అంతటి పరభాషయే. 1901లో హైదరాబాదున స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములే తెలుగు చదువునకు ఆశ్రయములు.

మైసూరు ప్రభుత్వము రెడ్డిగారిని విద్యాపద్ధతుల పరిశీలనకై అమెరికా, జపాను మున్నగు దేశములకు పంపెను. తరువాత ఆయన ఆ సంస్థానపు విద్యాశాఖాధిపతియైరి. అంటరానివారని దూరముగా నుంచబడిన కులముల పిల్లలను ప్రభుత్వ పాఠశాలలలో తక్కిన పిల్లలతో పాటు చేర్చుకొనవలెనని ఆయన పట్టుబట్టిరి. పలుచోట్ల ప్రతిఘటన తలయెత్తినను లెక్కచేయలేదు. మనుష్యుని శ్రమయే సంపదకు మూలమని తరగతిలో చెప్పిన ఆచార్యుడు, ఆ శ్రమ చేయువాని బిడ్డను తరగతి గుమ్మము వెలుపల నిలుపుటకు ఒప్పుకొనలేకపోయెను.

1921లో ఆ యుద్యోగమును వదలి స్వస్థలమునకు వచ్చి రెడ్డిగారు రాజకీయములలో ప్రవేశించిరి. మద్రాసు శాసనసభలో గొప్ప వక్తగా పేరు పొందిరి. తామున్న జస్టిసు పక్షముతో అభిప్రాయభేదము కలుగగా వెలుపలికి వచ్చి, 1923లో ఆ పక్షపు మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించిరి. అది వీగిపోయెను. రాజకీయములలో ఆయనకు స్థిరమైన పక్షము లేదని కొందరు నిందించిరి. ఆ నింద పూర్తిగా నిరాధారమని చెప్పలేము. ఆయన స్వభావము విమర్శకుని స్వభావము. సాహిత్యమున కవిత్వతత్త్వ విచారము అను గ్రంథమున పూర్వకవులను నిర్భయముగా విమర్శించి పండితుల కోపమునకు గురియైనట్లే, రాజకీయములలోను ఎవరికిని తలయూపక పెక్కుమందికి దూరమైరి.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో ఏర్పడినపుడు దానికి మొదటి వైస్‌చాన్సలరుగా రెడ్డిగారే నియమింపబడిరి. అప్పటికి ఆ విద్యాపీఠమునకు స్వంత భవనములు లేవు, ధనమును లేదు. 1930లో దానిని వాల్తేరునకు మార్చిరి. సముద్రతీరపు కొండవాలుపై కళాశాలలు కట్టవలెను, ఆచార్యులను సమకూర్చవలెను. జీవితమంతయు కోరుకొన్న పని ఆయన చేతికి వచ్చెను.

సరిగా ఆ సమయముననే పరీక్ష యెదురయ్యెను. 1930లో ఉప్పు సత్యాగ్రహము దేశమంతట వ్యాపించెను. ప్రభుత్వము లాఠీలతోను, చెరసాలలతోను దానిని అణచివేయ పూనుకొనెను. రెడ్డిగారు సత్యాగ్రహి కాదు. కాంగ్రెసు విధానముల నన్నిటిని ఒప్పుకొన్నవారును కాదు. మౌనముగా నుండి తమ పనిని సాగించుకొన్నను ఎవ్వరును తప్పుపట్టకపోదురు. తాము పోయినచో ఆ లేత విద్యాపీఠము ఏమగునో యను భయము కూడ ఉండదగినదే. కాని యువకులకు స్వతంత్రముగా ఆలోచించుట నేర్పవలసిన పీఠముపై కూర్చుండి, కన్నుల యెదుట జరుగుచున్న అన్యాయమును చూడనట్లు నటించుట ఆయనకు సాధ్యము కాలేదు. ప్రభుత్వ దమననీతికి నిరసనగా తమ పదవికి రాజీనామా చేసిరి. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ స్థానమునకు వచ్చి విశ్వవిద్యాలయమును వృద్ధి చేసిరి.

1936లో రెడ్డిగారు మరల వైస్‌చాన్సలరుగా వచ్చి, 1949 వరకు పదమూడేండ్లు ఆ బాధ్యతను నిర్వహించిరి. జయపురపు మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేటా లక్ష రూపాయలు విరాళముగా నిచ్చి ఆ విద్యాపీఠమును ఆదుకొనిరి. 1942 ఏప్రిలులో విశాఖపట్టణముపై జపాను విమానములు బాంబులు వేయగా, విశ్వవిద్యాలయమును గుంటూరునకు తరలింపవలసివచ్చెను. యుద్ధకాలపు ఆ యిక్కట్ల నడుమను చదువు ఆగకుండ చూచిరి. ఆ కాలముననే ప్రభుత్వము వారినుండి సర్ అను బిరుదమును స్వీకరించిరి. ఆనాడు నిరసించిన ప్రభుత్వమునుండియే బిరుదము పొందుట తగునా యని అడిగినవారు లేకపోలేదు. గొప్పవారి జీవితములలోను ఇట్టి పొసగని విషయములుండును. వానిని దాచినచో మనము చదువునది జీవితచరిత్రము కాక స్తోత్రమగును.

రెడ్డిగారు వివాహము చేసికొనలేదు. గ్రంథములును, విద్యార్థులును, స్నేహితులతోడి చమత్కార సంభాషణములును ఆయనకు సంసారము. 1951వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన ఆయన పరమపదించిరి.

ఆయన మరణించిన పిమ్మట, 1968లో హైదరాబాదున తెలుగు అకాడమి స్థాపితమై, ఇంటర్మీడియటు, డిగ్రీ తరగతులకు అర్థశాస్త్ర గ్రంథములను తెలుగున ప్రచురింపసాగెను. రెడ్డిగారు ఒంటరిగా పూనుకొన్న పనిని ఒక సంస్థ చేపట్టినది. మేడ్చల్ విద్యార్థి ఆడం స్మిత్ పేరును, మార్షల్ పేరును తన భాషలో చదువు దినము వచ్చినది.

కాని గ్రంథమున్నంత మాత్రమున పని ముగియదు. కళాశాలలలో ఆర్థిక భావముల చరిత్రము ఒక పాఠ్యవిషయము. దానిని బోధించు అధ్యాపకులకు శిక్షణము నిచ్చునపుడు పేర్లను, సంవత్సరములను, గ్రంథనామములను వరుసగా అప్పగింపజేసిన చాలదు. ఫలానా దేశమున ఫలానా కాలమున జనులకు వచ్చిన కష్టమేది? దానిని చూచి ఆ మేధావి అడిగిన ప్రశ్న యేది? అతని సమాధానము మన యూరికి ఎంతవరకు సరిపడును? ఈ మూడింటిని అధ్యాపకుడు మొదట తనలో తాను ప్రశ్నించుకొనవలెను. అట్లు ప్రశ్నించుకొన్నవాడు షామీర్‌పేట చెరువుగట్టుపై నిలిచియు పాఠము చెప్పగలడు. ప్రశ్నించుకొననివాడు కేంబ్రిడ్జిలో చదివి వచ్చినను పుస్తకమును చదివి వినిపించుటకంటె ఎక్కువ చేయలేడు.

బాలబాలికలారా! మీరు ఈసారి సంతకు పోయినపుడు టమాటాల ధరను అడిగి తెలిసికొనుడు. నిన్నటికిని నేటికిని అదేల మారినదో అమ్మువారిని అడుగుడు. ఇంటికి వచ్చి మీ పెద్దలతో చర్చింపుడు. వచ్చిన సమాధానమును మీ మాటలలో నాలుగు పంక్తులుగా వ్రాసి మీ ఉపాధ్యాయులకు చూపుడు. కట్టమంచి రామలింగారెడ్డిగారు తెలుగువారికి చేసిన సేవను గుర్తుంచుకొనుటకు ఇంతకంటె మంచి మార్గము లేదు.